వస్తువులకూ వంతులుండాలి

కొత్త ఇంట్లో దిగిన మొదటి రోజుల్లో గదిలో మాట్లాడితే గొంతు కాస్త మారుమోగుతుంది. సామాను ఇంకా సర్దలేదని ఇంటిల్లిపాదీ తొందరపడతారు గానీ, ఆ ఇల్లు మళ్ళీ ఎప్పుడూ అంత హాయిగా కనిపించదు. మూడు నాలుగేళ్ళు గడిచేసరికి అవే గోడలు, అవే కిటికీలు, అవే 1,200 చదరపు అడుగులు ఇరుకైపోతాయి. సోఫాకీ టీపాయ్‌కీ మధ్య పక్కకు తిరిగి నడవాలి. బీరువా తలుపు తీయాలంటే ముందు కుర్చీ జరపాలి. పండక్కి చుట్టాలొస్తున్నారంటే మంచం మీది బట్టల కుప్ప ఇంకో గదిలోకి మారుతుంది. ఇల్లు సరిపోవడం లేదు, ఇంకో గది ఎక్కువున్న ఇంటికి మారదామన్న మాట అక్కడే మొదలవుతుంది.

ఆ మాట దాకా వెళ్ళేముందు మీ హాల్లో నిలబడి ఒకసారి చుట్టూ చూడండి. కనిపించేవాటిలో మీరు కావాలని కొని తెచ్చుకున్నవి ఎన్ని? గృహప్రవేశానికి వచ్చిన గోడ గడియారాలు, రాధాకృష్ణుల పటాలు, వినాయకుడి ప్రతిమలు. పెళ్ళిళ్ళలో ఇచ్చిన రిటర్న్ గిఫ్టులు. పిల్లల పోటీ పరీక్షల కప్పులు. ఎవరో తిరుపతి నుంచి, ఎవరో సింగపూర్ నుంచి తెచ్చినవి. నోముల్లో, పేరంటాల్లో చేతిలో పెట్టిన ప్లాస్టిక్ బుట్టలు. మన ఇళ్ళు నిండిపోయింది ఎక్కువగా అభిమానంతోనే. అందుకే వాటిని తీసి పారేయమని ఎవరైనా సలహా ఇస్తే మనసు ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడం తప్పు కూడా కాదు.

ఈ అధ్యాయంలో పారేయమని చెప్పను. ఇంట్లో ఉన్నవన్నీ ఒకేసారి కళ్ళముందు ఉండాల్సిన పని లేదని మాత్రమే చెబుతాను. ఏ వస్తువు వంతు వచ్చినప్పుడు ఆ వస్తువు బయటికి రావాలి. మిగతావి లోపల భద్రంగా ఉండాలి. ఈ ఒక్క అలవాటుతో చిన్న ఇల్లు కూడా విశాలంగా, అందంగా ఉంటుందని నా గట్టి నమ్మకం.

కొలువు నేర్పిన పద్ధతి

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. భోగి నాడు అటక మీది పెట్టె దిగుతుంది. పాత పంచె ముక్కల్లో చుట్టిన బొమ్మలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు, ఎడ్లబండి. మూడో అయిదో ఏడో మెట్లు కట్టి, మీద తెల్లటి బట్ట పరిచి, వాటిని అమరుస్తారు. పండగ అయ్యాక హారతి ఇచ్చి, ఒక బొమ్మను పడుకోబెట్టి, మళ్ళీ అన్నింటినీ గుడ్డల్లో చుట్టి పెట్టెలో పెట్టేస్తారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ బొమ్మలు చీకట్లోనే ఉంటాయి. అయినా ఆ ఇంట్లో ఎవరికీ అవి లేవన్న వెలితి ఉండదు. పైగా పెట్టె మూత తీసే పూట పిల్లల కళ్ళు చూడండి. అవే బొమ్మలు ఏడాది పొడవునా టీవీ పక్కన అద్దాల బీరువాలో ఉండి ఉంటే, ఆ పిల్లలు వాటివంక తలెత్తి కూడా చూడరు.

జపానువాళ్ళ పాతకాలపు ఇళ్ళలో టొకొనొమా అని గోడలో ఒక గూడులాంటి చోటు ఉంటుంది. అందులో వేలాడదీసిన ఒక చిత్రపటం, కింద పూలు అమర్చిన ఒక పాత్ర, మహా అయితే ఇంకో చిన్న వస్తువు. రుతువు మారితే పటమూ పూలూ మారతాయి. మిగతా పటాలు చుట్టచుట్టి పెట్టెల్లో ఉంటాయి. కలిగిన కుటుంబాల్లో అలాంటి పటాలు చాలా ఉన్నా గోడకు వేలాడేది మాత్రం ఒక్కటే. మన కొలువుకీ ఆ గూటికీ చుట్టరికం లేదు. ఒకే సంగతిని రెండు దేశాల వాళ్ళు ఎవరికి వారే కనుక్కున్నారు.

అదే జపాన్ నుంచి వచ్చిన మారీ కోండో పుస్తకం 2014లో ఇంగ్లీషులోకి వచ్చాక ప్రపంచమంతా ఇళ్ళు సర్దడం మొదలుపెట్టింది. ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని, సంతోషం కలిగిస్తే ఉంచుకో, లేకపోతే కృతజ్ఞత చెప్పి పంపించెయ్ అన్నది ఆమె పద్ధతి. ఒంటరిగా ఉండేవాళ్ళకూ, ఇంట్లో అన్నీ తమవే అయినవాళ్ళకూ అది బాగా పనికొస్తుంది. మన ఇళ్ళలో గంగాళం అత్తగారిది, పందిరిమంచం తాతగారిది, ఆ పాత ట్రంకుపెట్టెలో ఏముందో అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంకొకరి సంతోషాన్ని మనం చేత్తో పట్టుకుని తూచలేం. అందుకే నాకు వంతుల పద్ధతే మన ఇళ్ళకు సరైనదనిపిస్తుంది. ఎవరి వస్తువూ వాళ్ళ ఇష్టం లేకుండా ఇల్లు దాటదు, ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఒక పూట, ఒక గది

హాలుతో మొదలుపెట్టండి. ఇల్లంతా ఒకేసారి ముందేసుకుంటే సాయంత్రానికి నడుం పట్టేసి, సగం సామాను నేల మీదే ఉండిపోతుంది. భోగికి ముందు ఆదివారమైతే మంచిది, ఎలాగూ దులుపుడు కార్యక్రమం ఉంటుంది కాబట్టి. (విరిగిపోయిన చెక్క సామాను భోగిమంటలో వేయడం మన ఆచారమే గానీ, ప్లాస్టిక్ కుర్చీలు, ఫోమ్ పరుపులు, రంగులు వేసిన ప్లైవుడ్ దయచేసి అందులో వేయకండి. ఆ పొగ పక్కింటి పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది.)

హాల్లో సోఫా, టీవీ, బల్ల లాంటి బరువైన సామాను తప్ప, రెండు చేతులతో ఎత్తగలిగిన ప్రతిదీ తీసి పడగ్గదిలో మంచం మీద పెట్టండి. గోడ మీది పటాలు, దిండ్లు, పూలకుండీలు, టీవీ కింది అరలో దుమ్ము పట్టిన సీడీలు, రిమోట్ల బుట్ట, పాత పత్రికలు, అన్నీ. పటాల మేకులు అలాగే ఉండనివ్వండి. తర్వాత గది ఊడ్చి, తుడిచి, కిటికీలు తెరిచి, ఆ రాత్రికి అలాగే వదిలేయండి. ఈ ఒక్క రాత్రి చాలా ముఖ్యం. పొద్దున్నే కాఫీ గ్లాసుతో అక్కడ కూర్చున్నప్పుడు గది అసలు రూపం కనిపిస్తుంది. ఎండ ఏ మూల దాకా వస్తోంది, గాలి ఎటు నుంచి ఎటు పోతోంది, ఏ గోడ నిజంగా బాగుంది, ఏ గోడకు రంగు పోయింది అన్నవి బొమ్మలూ పటాలూ ఉన్నంతసేపు కంటికి ఆనవు.

మర్నాడు ఇంట్లోవాళ్ళు దేని గురించి అడుగుతారో గమనించండి. అది పనికొచ్చే వస్తువు. దాన్ని వెనక్కి తెచ్చేయండి. రిమోట్లు, కళ్ళజోడు, పత్రిక, నాన్నగారి మాత్రల డబ్బా వెంటనే వచ్చేస్తాయి. ఎవరూ అడగనివే అసలు కథ. వాటిలోంచి ఈ మూడు నెలలకు ఒక్క చోటికి సరిపడా ఎంచుకోండి. టీవీ పక్క అర కావచ్చు, గుమ్మంలోకి రాగానే ఎదురుగా కనిపించే గోడ కావచ్చు. గదికి అలాంటి చోటు ఒక్కటే ఉండాలి. కన్ను ముందు అక్కడ ఆగాలి. నాలుగు గోడల మీదా నాలుగు ముచ్చట్లు ఉంటే ఎక్కడ ఆగాలో తెలియక కన్ను దేన్నీ చూడదు.

తెనాలిలో మా పిన్ని వాళ్ళ హాల్లో ఒక గోడ పొడవునా అద్దాల షోకేసు. పైఅరలో టీచరైన బాబాయికి స్కూల్లో వచ్చిన షీల్డులు, శాలువాతో పాటు ఇచ్చిన జ్ఞాపికలు. కిందఅరల్లో పింగాణీ కుక్కపిల్లలు, గాజు హంసలు, అరకు నుంచి తెచ్చిన వెదురు బుట్ట, రెండు తాజ్‌మహళ్ళు. అన్నింటి మీదా ఒకే రకం దుమ్ము. పిన్ని మొదట ఒప్పుకోలేదు.

"ఇవన్నీ తీసేస్తే హాలు బోసిగా ఉండదటే అమ్మాయ్?"

"పోనీ నెల్లాళ్ళు చూద్దాం పిన్నీ. నచ్చకపోతే నేనే వచ్చి మళ్ళీ పెట్టేసి పోతాను."

బాబాయి పేపరు దించకుండానే అన్నాడు, "నా షీల్డుల జోలికి మాత్రం రాకండి." సరే, మీరే ఒకటి తీసి ఇవ్వండి, మిగతావి మీ బీరువాలోనే మీ చేత్తోనే పెట్టుకోండి అన్నాను. చాలాసేపు చూసి, అన్నింట్లోకీ చవకైన దాన్ని తీశాడు. చిన్న ప్లైవుడ్ పలక. పదో తరగతి పిల్లలు చందాలేసుకుని చేయించి ఇచ్చింది. వాళ్ళ పేర్లన్నీ చేత్తో పెయింటుతో రాసి ఉన్నాయి, ఒక పేరులో ఒత్తు పోయింది. జిల్లా స్థాయిలో వచ్చిన ఇత్తడి షీల్డు వెనకాల అది ఇన్నాళ్ళూ కనిపించనే లేదు. ఇప్పుడు ఆ అరలో అదొక్కటే ఉంది, పక్కన వెదురు బుట్ట. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఆ పేర్లు చదువుతున్నారు, బాబాయి ఒక్కో పిల్లవాడి గురించీ చెబుతున్నాడు. బీరువాలోకి పోయిన షీల్డుల గురించి ఎవరూ అడగలేదు, ఆయన కూడా.

ఈ పని చేసేటప్పుడు ఒక నియమం గట్టిగా పాటించండి. ఇంకొకరి వస్తువు మీద మీరు నిర్ణయం చేయకండి. ఎంచుకోమని అడగండి, అంతే. పిల్లల బొమ్మలైనా, మామగారి పాత రేడియో అయినా ఇదే పద్ధతి. వాళ్ళు ఊరెళ్ళినప్పుడు గుట్టుగా సర్దేసిన ఇల్లు నాలుగు రోజులు అందంగా ఉంటుంది గానీ, ఆ తర్వాత ఆ ఇంట్లో ఏ వస్తువు కనిపించకపోయినా అనుమానం మీమీదికే వస్తుంది.

పెట్టెలో పెట్టడం కూడా ఒక పనే

వంతుల పద్ధతి చెడేది ఎక్కువగా ఇక్కడే. లోపల పెట్టినవి పాడైపోతాయన్న భయంతోనే అన్నీ బయట పెట్టుకుంటాం. అందుకని కాస్త వివరంగా చెబుతాను.

కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేసింది. చాలా తేలిక, మెత్తన. విడిభాగాలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. తడి తగిలితే ఆ అతుకు వదులుతుంది, రంగు రేగుతుంది. కాబట్టి తడిగుడ్డతో తుడవకూడదు, మెత్తటి పొడి కుంచెతో దులపాలి. పాత నూలు గుడ్డలో చుట్టి అట్టపెట్టెలోనో ట్రంకులోనో పెట్టాలి. ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్ర, దాని మీద లక్క రంగు. లక్క వేడికి మెత్తబడే గుణమున్నది కాబట్టి ఎండ సూటిగా పడే కిటికీ దగ్గరా, పొయ్యి దగ్గరా పెట్టకండి. చేర్యాల నకాషీ పటం ఖద్దరు బట్ట మీద గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి తయారుచేసిన తలం మీద గీసింది. దానికి బాత్‌రూమ్ పక్క గోడ, వానాకాలం చెమ్మ పట్టే గోడ పనికిరావు. కలంకారీకి వేసేవి సహజమైన రంగులు, ఎండకు వెలిసిపోతాయి. మడత పెట్టేకన్నా గుండ్రంగా చుట్టి, లోపల ఎండిన వేపాకు వేసి ఉంచితే మడతల దగ్గర బట్ట చిరగదు, పురుగు పట్టదు. ఇత్తడి సామానుకు చింతపండు ఎలాగూ ఉంది. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పుగాలికి ఇత్తడి త్వరగా నల్లబడుతుంది, అక్కడివాళ్ళు తోమగలిగినన్ని మాత్రమే బయట పెట్టుకోవడం మేలు.

పెట్టె మీద రెండు మాటలు రాయండి, లోపల ఏముందో, ఏ నెలలో పెట్టారో. అటక మీద పెట్టెలు వెనకా ముందూ కాకుండా ఒకే వరుసలో ఉండాలి. వెనక వరుసలో పడిన పెట్టె వంతు ఎప్పటికీ రాదు. వస్తువులు మార్చడానికి మనకు మంచి రోజులు పంచాంగంలోనే ఉన్నాయి. సంక్రాంతి, ఉగాది, శ్రావణమాసం, దసరా. ఉగాదికి ఎండలు ముదురుతాయి కనుక మందపాటి దిండు గలీబులు, దుప్పట్లు లోపలికి పోయి, లేత రంగు నూలువి బయటికి రావాలి. దసరాకి ఇత్తడి దీపస్తంభాలు, ఎర్రటి బట్ట. పండక్కి ఎలాగూ ఇల్లు సర్దుతారు, ఆ పనిలోనే ఇదీ అయిపోతుంది.

ఖాళీ గోడ లేమి కాదు

ఖాళీ గోడ చూస్తే మనకు ఏదో లోటులా తోస్తుంది. పిన్ని "బోసిగా" అన్నది ఆ భావంతోనే. ఇది ఈ మధ్య వచ్చిన భయం. మండువా లోగిలిలో ఇంటి నడిమధ్య చోటు ఆకాశానికే వదిలేసేవారు. వాస్తు చెప్పేవాళ్ళు బ్రహ్మస్థానంలో బరువు పెట్టొద్దు, ఖాళీగా ఉంచమంటారు. వాకిట్లో ముగ్గు చూడండి, చుక్కకీ చుక్కకీ మధ్య నేల కనిపించబట్టే గీతకు అందం వచ్చింది. పిండితో వాకిలంతా అలికేస్తే దాన్ని ముగ్గని ఎవరంటారు?

అలాగని నిరాడంబరం అంటే ఏమీ లేకపోవడం అనుకునేవాళ్ళున్నారు. వాళ్ళు వార్ధా దగ్గర సేవాగ్రామ్‌లో బాపూ కుటీరాన్ని ఒకసారి చూడాలి. 1936లో గాంధీజీ ఆ ఊరికి వచ్చి స్థిరపడ్డారు. మట్టిగోడలు, పెంకుల కప్పు, నేల మీద కూర్చుని రాసుకునే చిన్న బల్ల. అంత తక్కువ సామానుతో బతికిన మనిషి గదిలో కూడా గోడ మీద మట్టితోనే ఉబ్బెత్తుగా మలిచిన తాటిచెట్లు, రాట్నం ఉన్నాయి. ఆయన శిష్యురాలు మీరాబెన్ చేతిపని అది. గోడ రంగే దాని రంగు. కొన్నది కాదు, తెచ్చి తగిలించింది కాదు, ఆ గోడలోంచే వచ్చింది. అలంకారం వద్దని ఆ గది చెప్పడం లేదు. ఎంత చాలో చెబుతోంది.

మీ గోడకు ఒక పటం చాలు. దాన్ని సరైన ఎత్తులో పెట్టండి. మన ఇళ్ళలో పటాలు దాదాపు సీలింగుకు ఆనుకుని ఉంటాయి, మెడ ఎత్తితే తప్ప కనిపించవు. పటం నడిమి భాగం నేల నుంచి సుమారు అయిదడుగుల ఎత్తులో ఉంటే నిలబడ్డవాళ్ళ చూపుకు తిన్నగా ఉంటుంది. చాప, దివాన్ మీద కూర్చునే గది అయితే ఇంకో అడుగు దించండి. చిన్న పటాలు నాలుగైదు ఉంటే వాటిని గదంతా చల్లకుండా ఒక్కచోట దగ్గర దగ్గరగా కూర్చండి, అప్పుడు కంటికి అవన్నీ కలిసి ఒక్కటే అవుతాయి. కుటుంబం ఫొటోలకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది.

దేవుడి పటాల సంగతి వేరు. పూజగదిలో కొత్తవి చేరుతూనే ఉంటాయి, పాతవి తీయడానికి చెయ్యి రాదు. శుభలేఖల మీది వినాయకుడు, క్యాలెండర్ల మీది వెంకటేశ్వరస్వామి కూడా మూలకు చేరతారు. చివరికి అవి రావిచెట్టు మొదట్లో, చెరువుగట్టు మీద అద్దాలు పగిలి, ఎండకు ఎండి, వానకు తడుస్తూ కనిపిస్తాయి. నాకు అంతకన్నా బాధ కలిగించే దృశ్యం లేదు. చేతికి వచ్చిన పటం మీద భక్తి ఉంటే దాన్ని మనమే సాగనంపాలి. ఫ్రేమూ అద్దమూ విడదీసి ఇంకో ఫొటోకు వాడుకోవచ్చు, లేదా పాత సామాన్లవాళ్ళకు ఇవ్వవచ్చు. కాగితాన్ని నీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాక ఎవరూ తొక్కని చెట్టు మొదట్లో మట్టిలో పూడ్చవచ్చు. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం కరగదు కాబట్టి, శుభలేఖ అచ్చువేయించేటప్పుడే దాని మీద దేవుడి బొమ్మ వద్దనుకుంటే ఇంకా మంచిది. మీ పూజగదిలో ఇంటి ఇలవేల్పు, మీరు రోజూ పేరు పెట్టి పిలిచే దేవుడు, దీపం చాలు. దీపం వెలుగు మొహం మీద పడేంత దగ్గరగా ఒక్క మూర్తి ఉంటే మనసు అక్కడ నిలుస్తుంది.

వెలుతురు, బట్ట

డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే ముందు వెలుతురు మీద పెట్టండి. మన హాళ్ళలో నడినెత్తిన తెల్లటి ట్యూబ్‌లైటు ఒకటే వెలుగుతుంది. బల్బు డబ్బా మీద కెల్విన్ అంకె ఉంటుంది, చూడండి. 6500 అంటే నీలిఛాయ ఉన్న తెలుపు, చదువుకోవడానికీ కూరగాయలు తరగడానికీ బాగుంటుంది. 2700 నుంచి 3000 వరకు పసుపుఛాయ, దీపం వెలుగుకు దగ్గర. సాయంత్రం కూర్చునే చోట ఇది ఒక మూలన, తల ఎత్తుకు దిగువన ఉంటే గదిలో మిగతా సామాను కాస్త వెనక్కి తగ్గుతుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేకతోలుతో దీపాల తొడుగులు చేస్తారు. పగలు మామూలుగా ఉండే ఆ తోలు, లోపల బల్బు వెలిగితే పారదర్శకమై ఎరుపు, ఆకుపచ్చ రంగులు గోడ మీదికి వస్తాయి. అలాంటిది ఒకటి ఉన్న గదికి ఇంకో అలంకారం అక్కర్లేదు.

బట్ట విషయంలో నా మాట ఒక్కటే, గదిలో పువ్వులూ బొమ్మలూ ఉన్న బట్ట ఒకటే ఉండాలి. కర్టెన్లకు పెడన కలంకారీ వేస్తే సోఫా మీది గుడ్డ సాదాగా ఉండాలి. దిండ్లకు పోచంపల్లి ఇక్కత్ వేస్తే కర్టెన్లు సాదా మంగళగిరి నూలు. రెండూ మంచి నేతలే, కలిపి ఒకే గదిలో పెడితే ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. పరదా కడ్డీని కిటికీకి ఆరంగుళాలు పైనా, రెండు పక్కలా అరడుగు బయటికీ పెడితే కిటికీ పెద్దదిగా కనిపిస్తుంది, పరదా పక్కకు లాగితే గాలీ వెలుతురూ మొత్తం లోపలికి వస్తాయి. నేల మీద మందపాటి కార్పెట్లు మన దుమ్ముకు పనికిరావు. వరంగల్ డర్రీ నూలుది, చుట్టి మూల నిలబెట్టవచ్చు, ఉతికి ఎండేయవచ్చు.

పొద్దుపోయాక పేరుకునేవి

ఎంత బాగా సర్దినా రోజువారీ వస్తువులు మళ్ళీ వచ్చి చేరతాయి. గుమ్మం దగ్గర చెప్పులు, డైనింగ్ టేబుల్ మీద కరెంటు బిల్లులు, ఫ్రిజ్ మీద మాత్రలు, కుర్చీ మీద ఒకసారి కట్టి విడిచిన బట్టలు. ఇవి బద్ధకం వల్ల చేరినవని ఇంట్లోవాళ్ళను తిట్టుకుంటాం. చాలావరకు వాటికి వేరే చోటు లేకపోవడమే కారణం. ఒకసారి వేసుకున్న చొక్కా బీరువాలో పెట్టలేం, ఉతకడానికీ వేయలేం, ఇక అది కుర్చీ మీద కాక ఎక్కడుంటుంది? తలుపు వెనక నాలుగు కొక్కేలు కొట్టించండి, కుర్చీ ఖాళీ అవుతుంది. వస్తువు రోజూ ఎక్కడ ఆగుతోందో అక్కడే దానికి చోటు చూపించాలి. గుమ్మం దగ్గరే తాళాలకు కొక్కెం, మూతలేని చెప్పుల అర. బిల్లులకు డైనింగ్ టేబుల్ పక్కనే ఒక సొరుగు. సింకు కింద కవర్లో కవర్లు కుక్కి పెట్టుకునే సంచి మాత్రం ఒక్కటే ఉండనివ్వండి, నిండితే ఆ వారం కూరగాయల బండి అతనికి ఇచ్చేయండి.

రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో అందరూ లేచి, హాల్లో తమతమ వస్తువులు తీసుకుని వాటి చోట పెట్టేసి పడుకోవాలి. ఆ ఇంటి ఇల్లాలు ఒక్కతే అందరివీ ఏరుతూ తిరిగితే అది సర్దిన ఇల్లు కాదు, ఆమె మీద మోపిన పని.

పెట్టెలోకి వెళ్ళిన వస్తువు రెండుసార్లు వంతు వచ్చినా ఎవరూ బయటికి తీయకపోతే, అప్పుడు దాన్ని ఇచ్చేయడానికి ఇంట్లో పెద్దగా అడ్డు చెప్పేవాళ్ళుండరు. కొత్త కాపురం పెట్టుకునేవాళ్ళకు గిన్నెలు కావాలి. అంగన్‌వాడీలో పిల్లలకు బొమ్మలు కావాలి. కప్పులు, షీల్డుల మీద పేరు పలక మార్పించి అదే స్కూలు ఆటల పోటీలకు మళ్ళీ ఇవ్వవచ్చు. విరిగినవి, అతికినవి మాత్రం ఎవరికీ ఇవ్వకండి. మీరు వాడలేనిది ఎదుటివాళ్ళు ఎలా వాడతారు?

ఇక కొత్త సామాను. బల్లో, సోఫానో, బుక్ ర్యాకో కొనాలనిపిస్తే ముందు దాని పొడవు, వెడల్పు కనుక్కుని, పాత పేపర్లు అంటించి అదే కొలతకు నేల మీద పరచండి. టేపుతో అంటించి వారం రోజులు ఉంచండి. పిల్లలు దాని మీదుగా పరిగెత్తుతున్నారా, తలుపు దానికి తగులుతోందా, మనిషి నడవడానికి రెండున్నర అడుగుల దారి మిగులుతోందా, అమ్మమ్మ చేతికర్రతో తిరగగలుగుతోందా చూడండి. వారమంతా అందరూ ఆ కాగితాన్ని తొక్కుకుంటూ నడిచారంటే అది దారి. అక్కడ సామాను పెట్టకండి. కాగితాలు ఊడిపోకుండా అలాగే ఉన్నాయంటే కొలతలు రాసుకుని దుకాణానికి వెళ్ళండి.